తప్పు ఎక్కడున్నది?

మొన్న చలికాలములో ఒక సాయంత్రము, ఆలంపూరులో మా పొరుగింటి అమ్మాయి మా గడపలో కూర్చుండి ఏడ్చుచున్నది. తరగతిలో "ఐ డిడ్ నాట్ వెంట్" అన్నందుకు తోటివారు నవ్విరట. "ఇక ఇంగ్లీషు మాట్లాడనే మాట్లాడను" అన్నది. తప్పుకన్న ఆ మాటే మమ్మును ఎక్కువ కలవరపెట్టినది.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 నుండి ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది. తల్లిదండ్రులకు రాని భాషలో పిల్లలు పాఠములు చదువుచున్నారు. రేపు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వంటి ఉద్యోగ పరీక్షలకు వెళ్ళినను, వాక్యమును ముక్కలు చేసి తప్పున్న ముక్కను గుర్తించుమందురు. కాబట్టి భయము ఇప్పుడే పోవలెను.

ప్రియ చదువరులారా, ఈ తప్పులు తెలివి తక్కువై వచ్చునవి కావు. చాలవరకు మన మాతృభాష అలవాటే వాటికి కారణము. "రెండేండ్ల నుండి", "2020 నుండి" అని మనము ఒకే "నుండి" వాడుదుము. ఇంగ్లీషులో కాలపరిమితికి "ఫర్ టూ ఇయర్స్" అనియు, మొదలైన సమయమునకు "సిన్స్ 2020" అనియు వేరుగా చెప్పవలెను. "దాని గురించి చర్చించితిమి" అను అలవాటుతో "డిస్కస్డ్ అబౌట్" అందుము. అక్కడ "అబౌట్" అక్కరలేదు.

అయితే అదే తెలుగు మనకు సాయము కూడ చేయును. "నేను వెళ్ళినాను లేదు" అని ఎవరైనా అందురా? "వెళ్ళలేదు" అందుము. గడచిన కాలమును "లేదు" మోయును. అట్లే ఇంగ్లీషులో "డిడ్" మోయును. కనుక "డిడ్ నాట్ గో" అనుటయే సరి. "పిల్లలలో ఒకడు ఉన్నారు" అనము గదా! అందుకే "వన్ ఆఫ్ ది బాయ్స్ ఈజ్" అనవలెను గాని "ఆర్" అనరాదు.

ఈ సంగతి చెప్పగా అమ్మాయి కన్నీళ్ళు తుడుచుకొన్నది. కడపకు 1820లో వచ్చిన సి.పి. బ్రౌన్ దొర తెలుగు నేర్చి, తన తెలుగు వ్యాకరణమును 1840లో అచ్చువేయించినాడనియు చెప్పితిమి. "ఇరవై ఏండ్లా!" అని నవ్వినది.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు సహితము సహాయపడగలరు. వాక్యమును పైకి చదివించి మూడు ప్రశ్నలు అడుగుడి: పని చేసినది ఎవరు? ఒకరా, పలువురా? ఎప్పుడు? ఆ మూటికి క్రియ సరిపోవుచున్నదా అని బిడ్డనే చూడనిండి. తరువాత చిన్న మాటలు పరీక్షింపవచ్చును.

ఇప్పుడు ఆ తల్లి మిరప చేను నుండి వచ్చి, పొయ్యి ముందర కూర్చుండియే అడుగుచున్నది: "ఎవరు బిడ్డా? ఒక్కరా, శానా మందా? ఎప్పుడు?" మొన్న అమ్మాయి పది వాక్యములలో ఏడింటి తప్పులు పట్టినది. మిగిలిన మూడింటి కొరకు పుస్తకము తీసికొని నవ్వుచు మా యింటికి వచ్చినది.