కొండపైకి లాగే సంచి – దాని వెనుక రసాయనశాస్త్రం

బహ్రెయిన్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు జబల్ దుఖాన్. ఎత్తు సుమారు 134 మీటర్లు. పేరుకు అర్థం ‘పొగకొండ’ అయినా, తిరుమల కొండలెక్కిన కాళ్ళకు అది ఒక దిబ్బ మాత్రమే. అయితే 1932లో దాని సమీపాన చమురు వెలువరించిన బావి, గల్ఫ్ సముద్రపు అరబ్బు తీరాన మొట్టమొదటిది. నేటి పర్వతారోహకుల సంచులలోని నైలాన్, పాలియెస్టర్, పాలియూరిథేన్ మొదలైన పదార్థాలకు ముడిసరుకు ప్రధానంగా చమురు, సహజవాయువుల నుండి వచ్చినదే. కనుక ఎత్తైన కొండలు లేని ఈ ద్వీపానికీ, మంచుకొండలకూ ఒక రసాయనిక బంధుత్వం ఉన్నదనవచ్చును.

మరొక బంధుత్వమూ ఉన్నది. 2021 మే 11న బహ్రెయిన్ రాయల్ గార్డ్ బృందం ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. మన తెలుగువారిలో మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించాడు. మాలావత్ పూర్ణ పదునాలుగేళ్ళు నిండకముందే, 2014 మే 25న, ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఈ కథలు విన్న పిల్లలు కొండల మాట ఎత్తినప్పుడు, తల్లిదండ్రులకు ఎదురయ్యే తొలి ప్రశ్నలలో సంచి ఒకటి.

ఎవరెస్టు సాధారణ మార్గంలో సామాను చాలవరకు జడల బర్రెల మీద, షెర్పాల వీపుల మీద పోతుంది. నిట్టనిలువు శిలాకుడ్యాల మీద ఆ సదుపాయం లేదు. అక్కడ ఆరోహకుడు ముందు తాను ఎక్కి, తరువాత తాడుతో సంచిని పైకి లాగుకొంటాడు. దానినే హాల్ బ్యాగ్ అంటారు. అమెరికాలోని యోసెమిటీ లోయలో ఎల్ కాపిటాన్ అనే సుమారు 900 మీటర్ల గోడ దీనికి ప్రసిద్ధి. ఆ గోడ రహదారికి దగ్గరే కాబట్టి సంచి ఎంత బరువున్నా చెల్లుతుంది. బండకు రాసుకొన్నా చిరగని దళసరి పి.వి.సి. పూత గుడ్డతో అక్కడి సంచులు తయారయ్యాయి.

మన గంగోత్రి పైనున్న మేరు శిఖరం సంగతి వేరు. గంగోత్రి నుండి గోముఖానికి సుమారు 18 కిలోమీటర్ల నడక, ఆపైన తపోవనం, ఆ తరువాత గోడ. (గోముఖం దాకా పోయే యాత్రికులకు ఇటువంటి సంచి అక్కరలేదు, మామూలు వీపుసంచి చాలును.) 2008లో కాన్రాడ్ ఆంకర్, జిమ్మీ చిన్, రెనాన్ ఓజ్‌టర్క్ అనే ముగ్గురు ఏడు రోజుల ఆహారంతో మేరు గోడనెక్కి, తుపానులో చిక్కి, ఇరవై రోజులు కొండ మీద గడిపారు. శిఖరం సుమారు వంద మీటర్ల దూరంలో ఉండగా వెనుదిరిగారు. 2011 అక్టోబరులో మళ్ళీ వెళ్ళి సాధించారు. ఇటువంటి చోట సంచి తేలికగా ఉండాలి, చిరగనూ కూడదు. ఈ రెండు గుణాలకూ పొత్తు కుదర్చడమే కష్టం.

నూలు సన్నదనాన్ని డెనియర్లలో చెబుతారు. 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ధర్మవరం, పోచంపల్లి నేతగాళ్ళకు ఇది కొత్త మాట కాదు. పట్టుపోగు 20–22 డెనియర్లు ఉంటుంది. బరువైన సంచుల నైలాన్ పోగు 1000 డెనియర్లు, అంటే పట్టుపోగుకు సుమారు యాభై రెట్లు.

ఒక లెక్క చూద్దాం. 30 సెంటీమీటర్ల వ్యాసం, 85 సెంటీమీటర్ల ఎత్తు గల గొట్టపు సంచిలో 60 లీటర్లు పడతాయి. దానికి పట్టే గుడ్డ సుమారు 0.87 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 610 గ్రాములు తూగే దళసరి పి.వి.సి. గుడ్డ వాడితే 530 గ్రాములు. 250 గ్రాముల పూత నైలాన్ వాడితే 220 గ్రాములు. సంచి బండకు ఎక్కువగా రాసుకొనేది అడుగున గనుక, అక్కడా, దానిపై జానెడు ఎత్తు వరకూ రెండవ పొర కుడితే మరో 70 గ్రాములు. అయినా 240 గ్రాములు మిగిలాయి.

పావుకిలో ఏపాటి అనిపించవచ్చు. కాని అంత బరువు గ్యాసు ఇంధనాన్ని మోసుకొనిపోతే, సగం వేడి గాలిపాలైనా, పది పన్నెండు లీటర్ల మంచును కరిగించి తాగునీరు చేసుకోవచ్చును. తుపానులో గుడారం కదలలేని రోజున ముగ్గురికి అది సుమారు ఒక రోజు నీరు.

మరి అన్నిటికంటే తేలికైనదాన్నే కొనరాదా? డైనీమా పేరుతో అమ్మే అతిదీర్ఘ శృంఖలాల పాలిథీన్ సాంద్రత 0.97 మాత్రమే, నీటిపై తేలుతుంది. బరువుకు బరువు చూస్తే ఉక్కును ఎన్నో రెట్లు మించిన బలం. కాని దాని ద్రవీభవన స్థానం సుమారు 145–150 డిగ్రీలు. నైలాన్ 6,6కు సుమారు 260. బరువు వేలాడుతున్న పట్టీ మీద తాడు ఒరుసుకుంటే పుట్టే వేడికి డైనీమా ముందు లొంగుతుంది. పైగా దారాలను పలుచని పొరల మధ్య అతికించిన రకం లాగుడుకు ఆగినంతగా రాపిడికి ఆగదు. పి.వి.సి.కి మరొక లోపం: మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజరు ఎముకలు కొరికే చలిలో చాలినంత పనిచేయదు, గుడ్డ బిరుసెక్కి మడతల వద్ద పగులుతుంది. దూరపు నడకకు పాలియూరిథేన్ పూత వేసిన మధ్యరకం నైలానే మేలు. నడుము పట్టీ, భుజపట్టీలు ఊడదీయగలిగినవై, లాగే పట్టీ సంచి అడుగు చుట్టి మళ్ళీ పైకి వచ్చేదై ఉండాలి. ముడి బండకు రాసుకోకుండా, కోసిన శీతలపానీయపు సీసా పైభాగాన్ని గరాటులా తొడగడం ఆరోహకుల పాత చిట్కా; ఖర్చు లేదు.

ఇక బహ్రెయిన్ కుటుంబాలు ప్రత్యేకంగా ఎరుగవలసిన విషయం. ఇక్కడ కొన్న సంచి కొండ మీద పదిరోజులుంటే, ఇంటిలో పదకొండు నెలలకు పైగా ఉంటుంది. పాలియూరిథేన్‌లో రెండు జాతులున్నాయి. ఎస్టరు జాతి బంధాలను నీటి ఆవిరి మెల్లగా తెంచివేస్తుంది. దీనినే జలవిశ్లేషణ అంటాం. ఈథరు జాతి దానికి చాలవరకు తట్టుకొంటుంది. పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్న స్థూలసూత్రం ప్రకారం, 20 డిగ్రీల గదిలో కంటే 45 డిగ్రీల స్టోరు గదిలో సంచి ఐదారు రెట్లు వేగంగా ముసలిదవుతుంది. ఆగస్టు నెలలో కారు డిక్కీలో వదిలితే చెప్పనక్కరలేదు. లోపలి పూత ముదురు పాకంలా అంటుకోవడం, పుల్లని వాసన, పొరలు రాలడం దీని గుర్తులు. కొనేటప్పుడు ఈథరు రకమేనా అని తయారీదారును అడగాలి. ఇంట్లో ఏ.సి. ఉండే గదిలో, మడవకుండా, పొడిగా వేలాడదీయాలి.

పూత పోయినంత మాత్రాన సంచి తెగిపోదు. కాని లోపలి ఈకల నిద్రసంచి తడిస్తే వెచ్చదనాన్ని చాలావరకు కోల్పోతుంది. ప్రయాణానికి నెల ముందు సంచిలో ఒక బకెట్ నీళ్ళు పోసి బాల్కనీలో వేలాడదీస్తే, పూత ఎక్కడ పోయిందో, ఏ కుట్టు చెమరుస్తోందో పది నిమిషాలలో తెలుస్తుంది.