రొయ్య పడనివారికి జేబులో పరికరం ఎంతవరకు తోడు?

ఆదివారం సాయంత్రం నెల్లూరు జిల్లా మైపాడు బీచ్‌లో బజ్జీల బండి దగ్గర ఒకావిడ అడుగుతుంది: “అన్నా, ఇందులో రొయ్యలేమీ లేవు కదా?” బండాయన చెబుతాడు: “లేదమ్మా, ఉత్త మిరపకాయ బజ్జీనే.” ఆయన చెప్పింది నిజమే. శనగపిండి, మిరపకాయ, వాము, ఉప్పు తప్ప అందులో ఇంకేమీ లేదు. కాకపోతే అంతకు ముందు వాయి రొయ్యలు వేగింది ఆ నూనెలోనే. తినేవాళ్లలో చాలామందికి అది పట్టించుకునే సంగతే కాదు. రొయ్య పడని మనిషికి మాత్రం పెదవులు వాచడానికి, ఒళ్లంతా దద్దుర్లు లేవడానికి, ఒక్కోసారి ఊపిరి అందకపోవడానికి ఆ నూనె చాలు.

ఇలాంటి చోట, తినే ముందు చిన్న ముక్క పెట్టి చూసుకునే పరికరం ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. అలాంటివి వచ్చాయి కూడా. అవి ఎలా పనిచేస్తాయి, వాటి మాట ఎంతవరకు నమ్మవచ్చు, రొయ్యల సీమలో ఉన్నవాళ్లకు ఎంత పనికొస్తాయి అన్నది తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే ఇక్కడ పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది.

ఒంట్లో జరిగేది

రొయ్య కండరంలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. రొయ్య అలర్జీకి ప్రధాన కారణం ఇదే. కొందరి ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దీన్ని శత్రువుగా లెక్కగట్టి, ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. మళ్లీ ఆ ప్రొటీన్ లోపలికి వెళ్లగానే కణాల నుంచి హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. దురద, వాపు, వాంతులు, ఆయాసం దాని ఫలితమే. రక్తపోటు పడిపోయి మనిషి కూలబడే స్థితిని అనాఫిలాక్సిస్ అంటారు.

ట్రోపోమయోసిన్ వేడికి లొంగదు. ఎంత ఉడికించినా, ఎంత వేయించినా దాని గుణం పోదు. పైగా ఉడికించిన నీళ్లలోకి, పులుసులోకి దిగుతుంది. అందుకే ముక్కలు తీసేసి పులుసు మాత్రం పోసుకున్నా ప్రమాదమే. వంకాయలోనో గోంగూరలోనో వేసిన ఎండు రొయ్యల పొడి కంటికి కనపడదు గానీ, ఒంటికి తెలుస్తుంది. రొయ్యలు ఉడికేటప్పుడు లేచే ఆవిరి పీల్చినా కొందరికి ఉబ్బసం వస్తుంది. రొయ్యలు, పీతలు శుద్ధిచేసే కర్మాగారాల కార్మికుల్లో ఇలాంటి ఉబ్బసాన్ని వైద్యులు అనేక దేశాల్లో గుర్తించారు.

ఇంకో సంగతి. పక్కబట్టల ధూళిలో ఉండే సూక్ష్మ పురుగుల్లోనూ, బొద్దింకల్లోనూ ఇదే రకం ప్రొటీన్ ఉంది. ధూళి పడనివారికి రక్తపరీక్షలో రొయ్యకు కూడా పాజిటివ్ రావచ్చు. అంతమాత్రాన రొయ్య తింటే వాళ్లకు ప్రమాదమని చెప్పలేం. బెంగళూరు, మైసూరు ప్రాంతాల పెద్దల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, ఏదో ఒక ఆహారానికి రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినవారు 26.5 శాతం. తిన్నప్పుడు లక్షణాలు కూడా కలిసి, అలర్జీ ఉండవచ్చని తేలినవారు 1.2 శాతమే. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి పిల్లలకు చేపలు, రొయ్యలు, పాలు, గుడ్లు అన్నీ మాన్పించడం తగదు. తిన్నప్పుడు ఏమైందో వివరంగా చెప్పి, అలర్జీ వైద్యుల చేత తేల్చుకోవాలి.

పట్టీ మీద గీత

జేబు పరికరాల్లో ఎక్కువ భాగం ఆధారపడేది కూడా యాంటీబాడీల మీదే. కోవిడ్ రోజుల్లో ఇంట్లో చేసుకున్న ర్యాపిడ్ పరీక్ష గుర్తుందా? పద్ధతి అదే. పదార్థాన్ని నలిపి ఒక ద్రావణంలో కలుపుతారు. ఆ ద్రావణం కాగితపు పట్టీ వెంట పాకుతుంది. దారిలో రంగు రేణువులు అంటించిన యాంటీబాడీలు ఉంటాయి. వెతుకుతున్న ప్రొటీన్ ఉంటే అవి దాన్ని పట్టుకుని ముందుకు సాగుతాయి. ఇంకాస్త దూరంలో పట్టీకే అతికించిన రెండో జట్టు యాంటీబాడీలు ఆ ప్రొటీన్‌ను మరోవైపు నుంచి పట్టి ఆపుతాయి. రంగంతా అక్కడ పోగై గీత కనపడుతుంది. ప్రొటీన్ లేకపోతే ఆ చోట గీత రాదు.

నెల్లూరు రొయ్యల రైతులకు యాంటీబాడీ పరీక్షలు కొత్త కావు. 2009లో వెనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక చెరువులు పెరిగాయి, ఎగుమతులు పెరిగాయి, వాటితోపాటు యాంటీబయాటిక్ అవశేషాల తనిఖీలూ పెరిగాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ మందుల జాడ కోసం సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా) ప్రయోగశాలల్లో చేసే ఎలైజా పరీక్షకు ఆధారం యాంటీబాడీలే. రొయ్యలో మందు ఉందా అని చూసే విద్యతోనే, కూరలో రొయ్య ఉందా అని కూడా చూడవచ్చు. రొయ్య జాతి ప్రొటీన్‌ను పట్టే పట్టీలు ఆహార కర్మాగారాల్లో వాడుకలో ఉన్నాయి. రొయ్యలు శుద్ధిచేసిన యంత్రాన్ని కడిగాక శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి వాటిని వాడతారు.

జేబులోకి వచ్చిన ప్రయోగశాల

2012లో అమెరికాలోని లాస్ ఏంజిలెస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఐడొగాన్ ఓజ్‌జాన్ బృందం సెల్‌ఫోన్‌కు తగిలించే ఐట్యూబ్ అనే పరికరాన్ని చేసి చూపింది. పదార్థాన్ని గొట్టంలో కలిపితే వచ్చే రంగును ఫోన్ కెమెరా కొలుస్తుంది. 2017లో హార్వర్డ్ వైద్య పరిశోధకులు ఐఈట్ అనే చిన్న పరికరాన్ని ప్రకటించారు. గ్లూటెన్, వేరుశనగ, హేజెల్ గింజ, పాలు, గుడ్డు ప్రొటీన్లను పది నిమిషాల్లోపు కొలవగలదని చూపారు.

సామాన్యుల చేతికి వచ్చి బాగా పేరు పొందింది నీమా. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన కంపెనీ ఇది. 2017లో గ్లూటెన్‌కు, 2018లో వేరుశనగకు పరికరాలు తెచ్చింది. బఠాణీ గింజంత ముక్కను ఒక క్యాప్స్యూల్‌లో వేసి మూత తిప్పితే ముక్క నలిగిపోతుంది. దాన్ని అరచేతిలో పట్టే మూడు పలకల పరికరంలో పెడితే, లోపలి పట్టీని కాంతితో చదివి రెండు మూడు నిమిషాల్లో జవాబు తెర మీద చూపిస్తుంది. ఒక క్యాప్స్యూల్ ఒక్కసారికే. ప్రతి పరీక్షకూ మళ్లీ ఖర్చే. గ్లూటెన్‌కు దీని లక్ష్యం 20 పీపీఎం, అంటే కిలో పదార్థంలో 20 మిల్లీగ్రాములు.

ఈ మూడింటి జాబితాల్లోనూ రొయ్య లేదు. పాశ్చాత్య దేశాల్లో గ్లూటెన్, వేరుశనగ బాధితుల గొంతు గట్టిది. అందుకే మొదటి పరికరాలు వాటికే వచ్చాయి. మన తీరంలో ముందు కావలసింది రొయ్యకు, చేపకు.

“లేదు” అంటే ఎంతవరకు లేదు?

పరికరం చూసేది మనం వేసిన ముక్కను మాత్రమే. పళ్లెంలో ఒక మూల రొయ్య ముద్ద ఉండి, మనం మరో మూల నుంచి ముక్క తీస్తే, “లేదు” అన్న జవాబు ఆ ముక్క వరకే నిజం. గింజంత ముక్క పళ్లెం మొత్తానికి సాక్ష్యం చెప్పలేదు.

రెండోది, ఎక్కువైనా తప్పు జవాబు వస్తుంది. ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉంటే రెండు జట్ల యాంటీబాడీలకూ విడివిడిగా అది అంటుకుపోతుంది. రంగు రేణువులు గీత దగ్గర ఆగవు. చిక్కటి రొయ్యల ఇగురు పెట్టినా పట్టీ “లేదు” అనే ప్రమాదం ఉంది. కర్మాగారాల్లో అందుకే నమూనాను పలుచన చేసి మళ్లీ చూస్తారు. భోజనం బల్ల దగ్గర అలా ఎవరు చేస్తారు?

మూడోది, పదార్థం గుణం. నూనె, పులుపు, చిక్కదనం ప్రొటీన్‌ను ద్రావణంలోకి సరిగా దిగనివ్వవు. పులియబెట్టినవాటిలో ప్రొటీన్ ముక్కలైపోతుంది. యాంటీబాడీలు రెండువైపులా పట్టుకోవడానికి చోటు మిగలదు. సోయా సాస్ లాంటివి ఈ పరికరాలకు పనికిరానిది అందుకే.

పదార్థం మీద కాంతి వేస్తే చాలు, అలర్జీ కారకం చెప్పేస్తుందనే ప్రకటనలు కూడా కనపడతాయి. పరారుణ కాంతితో నీరు, కొవ్వు, ప్రొటీన్ ఎన్నెన్ని శాతమో అంచనా వేయవచ్చు. కిలోలో కొన్ని మిల్లీగ్రాముల ఫలానా ప్రొటీన్‌ను కూరలో పట్టడం దానివల్ల కాదు. ఆ మాట నమ్మి ప్రాణం పణం పెట్టకూడదు.

అలర్జీ మీద పడే రెండు నిందలు

తీరంలో తెలుసుకోవలసిన మరో రెండు సంగతులున్నాయి. పట్టిన రొయ్యల మీద నల్ల మచ్చలు రాకుండా సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణంలో ముంచే పద్ధతి ఉంది. ఉబ్బసం ఉన్న కొందరికి ఈ సల్ఫైట్ ఆయాసం తెస్తుంది. అది ప్రొటీన్ కాదు గనక రొయ్య పట్టీకి దొరకదు. దానికి వేరే రంగు పట్టీలున్నాయి.

రెండోది హిస్టమిన్. కానాగంతలు, కవళ్లు, ట్యూనా వంటి చేపలు ఐసు లేకుండా ఎండలో ఉంటే, బ్యాక్టీరియా వాటి కండలోనే హిస్టమిన్ తయారుచేస్తుంది. వండినా పోదు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలనొప్పి వస్తుంది. చూడడానికి అచ్చం అలర్జీయే. నిజానికి అది పాడైన చేప చేసిన విషప్రభావం. ఒకే చేప తిన్న నలుగురికీ ఒకేసారి వస్తే ముందు దీన్నే అనుమానించాలి. దీనికి మందు చేప మానడం కాదు, పడవ దిగినప్పటి నుంచి ఐసు తప్పకుండా చూడడం.

ఇప్పుడు చేయగలిగింది

ప్యాకెట్ ఆహారానికి చట్టం అండ ఉంది. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం రొయ్య జాతి, చేప, పాలు, గుడ్డు, వేరుశనగ, చెట్టు గింజలు, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన సల్ఫైట్ ఉంటే ప్యాకెట్ మీద చెప్పాలి. పది లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు కూడా ఆ సమాచారం ఇవ్వాలి. బీచ్‌లో బండికి ఆ నియమం వర్తించదు. అక్కడ ఉన్నది మన ప్రశ్న, వండేవారి జవాబు.

అందుకే ప్రశ్న సరిగా అడగాలి. “రొయ్యలున్నాయా?” అని ఆగిపోకుండా “ఈ నూనెలో రొయ్యలు వేయించారా? ఈ గరిటెతోనే తిప్పారా? ఎండు రొయ్యల పొడి ఏమైనా వేశారా?” అని అడగాలి. జవాబు తడబడితే తినకుండా వచ్చేయాలి. బండి నడిపేవారు రొయ్యలకు, చేపలకు ఒక బాణలి, బజ్జీలకు మరో బాణలి పెట్టుకుంటే అదే పెద్ద రక్షణ. ఖర్చు ఒక బాణలి, కాస్త నూనె.

తీవ్రమైన అలర్జీ ఉందని తేలినవారు అడ్రినలిన్ గురించి వైద్యుడితో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. అనాఫిలాక్సిస్‌కు మొదటి మందు అదే. తొడ కండకు ఇస్తారు. దురద మాత్ర దాని స్థానాన్ని తీసుకోలేదు. ఆయాసం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం కనపడితే 108కి ఫోన్ చేయాలి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి. నడిపించకూడదు.

పరికరం దొరికితే వాడండి. అది “ఉంది” అంటే ఆ పళ్లెం పక్కన పెట్టేయండి. “లేదు” అంటే మాత్రం నూనె సంగతి, గరిటె సంగతి అడగడం మానకండి. రొయ్యకు కూడా నమ్మకమైన జేబు పరికరం రావాలి. రొయ్యల మీద బతికే నెల్లూరు జిల్లాకు, యాంటీబాడీ పరీక్షలతో ఇంత పరిచయం ఉన్న ఈ పరిశ్రమకు, అలాంటి పరికరం కావాలని గట్టిగా అడిగే హక్కు అందరికంటే ఎక్కువే ఉంది.