పట్టా కింది చక్రం

1884 జూన్‌లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ సముద్రతీరంలో లమార్కస్ థాంప్సన్ అనే ఆయన చెక్కతో ఒక ట్రాక్ కట్టి జనానికి తెరిచాడు. అంతకుముందు ఆయనది మేజోళ్ల వ్యాపారం. ట్రాక్ పొడవు 600 అడుగులు, ఎత్తు సుమారు 50 అడుగులు, టికెట్ 5 సెంట్లు. జనం మెట్లెక్కి పైకి వెళ్లి, బెంచీ లాంటి బండిలో పక్కకి తిరిగి కూర్చునేవారు. బండి తన బరువుతోనే ఎత్తుపల్లాల మీదుగా అవతలి కొసకు చేరేది. అక్కడ అందరూ దిగాలి. పనివాళ్లు బండిని తోసి, పక్కనున్న ట్రాక్ మీదికి మార్చి ఎత్తుకు చేర్చాక మళ్లీ ఎక్కి వెనక్కి రావాలి. ఇంతా చేసి దాని వేగం గంటకు 6 మైళ్లు, అంటే 10 కిలోమీటర్లకు కాస్త తక్కువ.

రోలర్ కోస్టర్ చరిత్ర రాసేవాళ్లు ఈ వేగాన్ని ఒక వింతగా చెప్పి ముందుకు సాగిపోతారు. నాకు మాత్రం అసలు ప్రశ్న అక్కడే ఉందనిపిస్తుంది. 50 అడుగుల ఎత్తు నుంచి రాపిడి లేకుండా కిందికి జారితే గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగం వస్తుంది. థాంప్సన్ అందులో ఆరో వంతుతో ఎందుకు సరిపెట్టుకున్నాడు? ధైర్యం చాలక మాత్రం కాదు. అంత వేగంతో పోయే బండిని పట్టాల మీద నిలిపి ఉంచే ఏర్పాటు ఆ రోజు ఆయన చేతిలో లేదు. ఆ ఏర్పాటు కుదరడానికి మరో 35 ఏళ్లు పట్టింది. ఈలోగా డిజైన్ చేసినవాళ్లందరూ ఏం చేయకూడదో తెలుసుకుంటూ ముందుకు నడిచినవాళ్లే.

ముందు వాళ్ల చిక్కు ఏమిటో చూద్దాం. రోలర్ కోస్టర్ బండికి ఇంజను ఉండదు. మొదటి గుట్ట మీదికి ఎక్కించడమే దానికి దక్కే పెట్టుబడి. ఆ తర్వాత అంతా ఖర్చే. ఊపడం మానేసిన ఊయల మళ్లీ మొదటి ఎత్తును అందుకోలేనట్టే, ఈ బండి కూడా వదిలిన చోటికన్నా ఎత్తైన గుట్టను ఎక్కలేదు. చక్రాల రాపిడి, గాలి తాకిడి ప్రతి అడుగులోనూ కొంత తినేస్తాయి. అందుకే గుట్టలు పోనుపోను పొట్టివవుతాయి.

ఇంతవరకు బడి పిల్లలకూ తెలిసిన సంగతే. కష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఒకే ట్రాక్ మీద ఒకే బండి రోజంతా ఒకే తీరుగా పరుగెత్తదు. ఉదయం చలిలో చక్రాల్లో గ్రీజు గట్టిగా ఉంటుంది, బండి మందకొడిగా కదులుతుంది. మధ్యాహ్నానికి గ్రీజు వేడెక్కి పలచబడుతుంది, అదే బండి పరుగు అందుకుంటుంది. ఖాళీ బండికన్నా నిండు బండి చివరిదాకా వేగం నిలుపుకుంటుంది, ఎందుకంటే దాని బరువుతో పోలిస్తే గాలి అడ్డు చిన్నది. డిజైనర్ గీసిన గీత వీటన్నిటికీ సరిపోవాలి. చలి ఉదయం ఖాళీగా వెళ్లే బండి చివరి గుట్టను దాటాలి, నడుమ ఆగిపోకూడదు. ఎండ మధ్యాహ్నం నిండుగా వెళ్లే బండి మొదటి దిగుడు తర్వాతి గుట్ట మీద పట్టాను వదిలిపోకూడదు. ఈ రెండింటి మధ్య మిగిలే ఇరుకు చోటులోనే వినోదమంతా ఇమడాలి.

పట్టాను వదిలిపోవడం అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. గుట్ట కొనను దాటేటప్పుడు బండి నేరుగా ముందుకే పోవాలని చూస్తుంది, పట్టా మాత్రం కిందికి ఒంగుతుంది. బండిని పట్టా వెంట కిందికి లాగేది దాని బరువు ఒక్కటే. పట్టా అంతకన్నా త్వరగా ఒంగితే చక్రాలు గాల్లోకి లేస్తాయి. సెకనుకు 8 మీటర్ల వేగంతో పోయే బండికి గుట్ట కొన వంపు కనీసం ఆరున్నర మీటర్ల వ్యాసార్ధం ఉండాలి. వేగం రెట్టింపైతే వ్యాసార్ధం రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు కావాలి, అంటే 26 మీటర్లు. వేగం పెరిగిన కొద్దీ గుట్టలు చదునవుతూ పోతాయి. చదునైన గుట్ట ఎక్కినవాడికి కడుపులో ఏ కదలికా తెలియదు. వేగం కావాలా, ఒడిదుడుకులు కావాలా అని ఆ తరం డిజైనర్లు తేల్చుకోవాల్సి వచ్చింది. చాలామంది ఒడిదుడుకులనే ఎంచుకుని వేగాన్ని వదులుకున్నారు.

ఆ రాజీ ఎలా ఉండేదో చూపడానికి పెన్సిల్వేనియాలోని అల్టూనాలో లీప్ ద డిప్స్ అనే ట్రాక్ ఉంది. 1902లో ఎడ్వర్డ్ జాయ్ మోరిస్ కంపెనీ కట్టింది. ఎత్తు 41 అడుగులు, కానీ ఒక్కసారిగా దిగేది మాత్రం 10 అడుగుల లోపే. బండి చక్రాలు ట్రాక్ మీద దొర్లుతుంటాయి. పక్కలకు అమర్చిన చిన్న చక్రాలు చెక్క గోడలను ఒరుసుకుంటూ బండిని దారిలో ఉంచుతాయి. పైకి లేవకుండా ఆపేది ఏదీ లేదు. మెల్‌బోర్న్ లూనా పార్కులో 1912లో తెరిచిన సీనిక్ రైల్వేలో ఇంకో పద్ధతి చూడవచ్చు. అక్కడ రైలు నడుమ ఒక మనిషి నిలబడి చేతి బ్రేకు పట్టుకుని ఉంటాడు. ఏ వంపు దగ్గర ఎంత తగ్గించాలో ఆ రోజు ఎండను, బండిలోని జనాన్ని చూసి ఆయనే నిర్ణయించుకోవాలి. కాగితం మీద తేల్చలేని లెక్కను మనిషి అనుభవానికి అప్పగించారన్నమాట.

థాంప్సన్ బండికి రెండో లోపం మెట్లు. దానికి జవాబు వెంటనే దొరికింది. 1884లోనే చార్లెస్ ఆల్కోక్ ట్రాక్‌ను చుట్టూ తిప్పి బయల్దేరిన చోటికే తెచ్చాడు. మరుసటి ఏడాది ఫిలిప్ హింకిల్ ఆవిరి యంత్రంతో బండిని జనంతో సహా మొదటి గుట్ట మీదికి లాగించాడు, సీట్లను ముందుకు తిప్పాడు. కానీ మనుషులతో నిండిన బండిని ఏటవాలులో పైకి లాగుతున్నప్పుడు గొలుసు తెగితే?

ఈ ప్రశ్నకు అప్పటికే ఒక బొగ్గు కంపెనీ జవాబు వెతికి పెట్టింది. పెన్సిల్వేనియాలోనే మాక్ చంక్ అనే ఊరుంది. ఇప్పుడు దాని పేరు జిమ్ థోర్ప్. పక్కనున్న కొండ మీది గనుల నుంచి నది ఒడ్డుకు బొగ్గు దించడానికి 1827లో 9 మైళ్ల రైలు మార్గం వేశారు. దిగేటప్పుడు ఇంజను అక్కర్లేదు, వాలు చాలు. ఖాళీ పెట్టెలను పైకి లాక్కెళ్లడానికి కంచర గాడిదలు ఉండేవి. వాటిని కూడా పెట్టెల్లోనే కిందికి దించేవారు. 1840ల్లో గాడిదల స్థానంలో ఆవిరి యంత్రాలు వచ్చి, పెట్టెలను కొండ ఏటవాలు మీదుగా పైకి లాగడం మొదలుపెట్టాయి. అక్కడ పట్టాల పక్కన పళ్లున్న ఇనుప పట్టీ ఒకటి పరిచారు. పెట్టెను పైకి నెట్టే బండికి ఒక ఇనుప నాలుక వేలాడదీశారు. బండి పైకి పోతుంటే ఆ నాలుక ఒక్కో పన్ను మీదుగా జారి తర్వాతి సందులో పడుతుంది. తాడు తెగి బండి వెనక్కి వస్తే, ఆ పన్నుకే తన్నుకుని అక్కడే ఆగిపోతుంది. దీన్ని పనిచేయించడానికి మనిషి అవసరం లేదు, మీట నొక్కనక్కర్లేదు. తప్పు జరిగిన క్షణంలో బండి బరువే దాన్ని బిగిస్తుంది. బొగ్గుకు వేరే దారి పడ్డాక ఆ మార్గం విహారయాత్రల రైలుగా మారి 1930లదాకా నడిచింది.

రోలర్ కోస్టర్ మొదటి గుట్ట ఎక్కుతుంటే మనకు వినిపించే టకటక శబ్దం ఆ నాలుకదే. ఎక్కినవాళ్లకు గుండె దడ పెంచే చప్పుడు అది, నిజానికి వాళ్లను కాపాడే వస్తువు తన పని తాను చేసుకుపోతున్న చప్పుడు. ఈ నాలుకను 1910లో కోస్టర్ల కోసం మెరుగుపరిచి పేటెంట్ తీసుకున్నది జాన్ మిల్లర్. థాంప్సన్ దగ్గరే పని నేర్చుకుని, తర్వాత వందకు పైగా పేటెంట్లు సంపాదించిన మనిషి. సరుకు రవాణా కోసం పుట్టిన ఒక చిన్న పరికరం ఎంతమంది ప్రాణాలు నిలిపిందో తలచుకుంటే, దాన్ని మొదట అమర్చిన ఆ గని పనివాళ్లకు నమస్కరించాలనిపిస్తుంది.

మిల్లర్ చేసిన అసలు పెద్ద పని 1919 నాటిది. చెక్క ట్రాక్‌ను దగ్గరగా చూస్తే అది పలకల దొంతర. కొన్ని పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి మేకులతో బిగిస్తారు, చక్రం దొర్లే చోట ఉక్కు బద్ద వేస్తారు. దొంతరలో పైనున్న పలకలను కింది వాటికన్నా వెడల్పుగా పెడితే, ఒక అంచు లోపలివైపు ముందుకు వస్తుంది. మిల్లర్ ఆ అంచు కిందికి ఒక చక్రాన్ని చేర్చాడు. ఇప్పుడు బండికి మూడు రకాల చక్రాలు. పైనున్నది బరువు మోస్తుంది. పక్కనున్నది మలుపులో నిలబెడుతుంది. కిందున్నది మామూలుగా ఏ పనీ చేయదు, దానికీ పట్టాకూ మధ్య కాస్త సందు ఉంటుంది. గుట్ట కొన మీద బండి లేవబోయినప్పుడే అది అంచుకు ఆనుకుని తిరుగుతుంది, బండిని కిందికి పట్టి ఉంచుతుంది.

ఈ ఆలోచన మరీ కొత్తదేమీ కాదు. 1817లో పారిస్‌లోని బెల్‌విల్‌లో రష్యా మంచు జారుడుబల్లలను చూసి కట్టిన ట్రాక్ మీద, ఇరుసు కొసలు పక్క గోడల గాడిలో ఇరుక్కుని బండిని వదలకుండా పట్టుకునేవి. వందేళ్ల ముందే దొరికిన జవాబు మరుగున పడిపోయింది.

కింది చక్రం వచ్చాక ఆరున్నర మీటర్లు, 26 మీటర్లు అన్న పాత లెక్క డిజైనర్‌ను కట్టిపడేయలేకపోయింది. ఇప్పుడు పట్టా బండి బరువు కన్నా వేగంగా ఒంగవచ్చు, బండి దాని వెంటే పోతుంది. లోపలున్న మనిషి మాత్రం సీటు వదిలి లేస్తాడు, ఒడి మీది కడ్డీ అతన్ని ఆపుతుంది. జనం ఎంతో ఇష్టపడే ఆ తేలిపోయే క్షణం అలా పుట్టింది. పిట్స్‌బర్గ్ దగ్గర కెన్నీవుడ్ పార్కులో 1920లో మిల్లర్ కట్టిన జాక్ రాబిట్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి లోయనే వాలుగా వాడుకుని 70 అడుగుల దిగుడు తెచ్చాడు. ఆ దిగుడు మధ్యలో ఒక మెట్టు పెట్టాడు, సరిగ్గా అక్కడే జనం సీట్లలోంచి లేస్తారు. ఆ మెట్టు లీప్ ద డిప్స్ మీద పెట్టి ఉంటే బండి పట్టాను వదిలి పోయేదే.

1927లో కోనీ ఐలాండ్‌లో, థాంప్సన్ మొదటి ట్రాక్ నిలిచిన చోటే, సైక్లోన్ తెరుచుకుంది. వెర్నన్ కీనన్ డిజైన్, హ్యారీ బేకర్ నిర్మాణం. మొదటి దిగుడు 85 అడుగులు, దాదాపు 60 డిగ్రీల వాలు. గంటకు 60 మైళ్లని ప్రచారంలో చెబుతారు. 85 అడుగుల నుంచి రాపిడి లేకుండా దిగినా 50 మైళ్లు మాత్రమే వస్తాయి. అదేమీ తక్కువ కాదు, అదే నేల మీద 43 ఏళ్ల కిందట ఉన్నది 6 మైళ్లు. ఇలాంటి చెక్క ట్రాకును రోజూ చూసుకోవాలి. పార్కు తెరవకముందే పనివాళ్లు ట్రాక్ పొడవునా నడిచి, వదులైన బోల్టులు బిగించి, అరిగిన పలకలు గుర్తు పెడతారు. చెక్క ఎండకు, వానకు, బరువుకు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. డిజైన్ కాగితం మీద ముగియదు, ఆ పనివాళ్ల చేతుల్లో కొనసాగుతుంది.

ఇక తలకిందులుగా తిప్పే ట్రాక్ సంగతి. 1895లో కోనీ ఐలాండ్‌లోనే లైనా బీచర్ ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే కట్టాడు. 25 అడుగుల వ్యాసంతో అచ్చమైన వృత్తం. వృత్తం గీయడం సులువే, ఇబ్బంది మెడ దగ్గర వస్తుంది. పైభాగంలో బండి పడిపోకుండా ఉండాలంటే కొంత వేగం ఉండాలి. ఆ వేగం పైన మిగలాలంటే అడుగున దానికన్నా చాలా ఎక్కువ వేగంతో వలయంలోకి దూరాలి. లెక్క వేస్తే, అడుగున మనిషికి తన బరువు కనీసం ఆరింతలుగా తెలుస్తుంది. వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ అంకె మారదు. 60 కిలోల మనిషి 360 కిలోలవుతాడు. ఫ్లిప్ ఫ్లాప్‌లో అది పన్నెండింతల దాకా వెళ్లిందని చెబుతారు. నాలుగైదు కిలోల తల ఒక్కసారిగా యాభై కిలోలకు పైబడితే మెడ ఏమవుతుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. ఎక్కినవాళ్ల మెడలు, వెన్నులు దెబ్బతిన్నాయి.

బరువు పెరగడం ఎంత ప్రమాదమో, అది ఒక్కసారిగా పెరగడం కూడా అంతే ప్రమాదం. తిన్నటి ట్రాక్ నుంచి నేరుగా వృత్తంలోకి దూరిన క్షణంలోనే వంపు పూర్తిగా మీద పడుతుంది. ఈ విషయం రైల్వే ఇంజనీర్లకు తెలుసు. మలుపు మొదట్లో వంపు మెల్లగా మొదలై మెల్లగా పెరిగేలా పట్టాలు వేయడం 19వ శతాబ్దంలోనే వచ్చింది. ఇనుప నాలుకను రైల్వే నుంచి తెచ్చుకున్నవాళ్లు ఈ ఒక్కటీ తెచ్చుకోలేదు, ఆ మూల్యం జనం చెల్లించారు. 1901లో ఎడ్విన్ ప్రెస్కాట్ తన ట్రాక్‌లో వలయాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి మార్చాడు, దెబ్బలు చాలా తగ్గాయి. కానీ ఒక్కో బండిలో నలుగురే పట్టేవారు. ఎక్కేవారికన్నా చూసేవారే ఎక్కువ, దాంతో ఖర్చులు గిట్టక 1910లో ఆ ట్రాక్ ఆగిపోయింది. ఆపైన ఆరు దశాబ్దాలకు పైగా వలయాల జోలికి వెళ్లి నిలిచిన డిజైనర్ లేడు.

1976లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్ పార్కులో ఉక్కు గొట్టాల ట్రాక్ మీద ఆ పని మళ్లీ జరిగింది. కట్టింది ఆంటన్ ష్వార్జ్‌కోఫ్, లెక్కలు వేసింది వెర్నర్ స్టెంగెల్. అడుగున, వేగం ఎక్కువగా ఉన్నచోట, వ్యాసార్ధం పెద్దగా ఉంచారు. పైకి పోయి వేగం తగ్గేకొద్దీ దాన్ని కుదించారు. ఆ వంపు రైలు మలుపుల్లో వాడేదే.