రాత్రంతా ఆట, పగలంతా బాట
(భిఖారీ ఠాకూర్ పని జీవితం)

షేక్‌స్పియర్ పేరు వినని విద్యార్థి మన హాస్టల్లో ఉండడు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఆ పని చేసిపెట్టింది. కానీ మన దేశంలోనే, బీహార్ రాష్ట్రంలోని ఒక లంక గ్రామంలో పుట్టి, 'భోజ్‌పురి షేక్‌స్పియర్' అని పేరు తెచ్చుకున్న ఒక కళాకారుడు ఉన్నాడని మనలో ఎంతమందికి తెలుసు? ఆయనే భిఖారీ ఠాకూర్. ఆయన్ని అలా పిలిచింది సామాన్యుడు కాదు, 'ఓల్గా నుంచి గంగకు' రాసిన మహా పండితుడు రాహుల్ సాంకృత్యాయన్.

అయితే బిరుదు చెప్పి, దండ వేసి వదిలేయడం నాకిష్టం లేదు. ఆయన పని ఎలా చేసేవారో చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఎందుకంటే పాట కట్టేవాడనగానే "వాడికేం పని?" అనే మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినపడుతుంది. నాగలి పట్టినవాడిది పని, కుర్చీలో కూర్చున్నవాడిది ఉద్యోగం, పాట పాడేవాడిది మాత్రం కాలక్షేపం! ఈ అభిప్రాయం ఎంత తప్పో భిఖారీ ఠాకూర్ జీవితం చూస్తే అర్థమవుతుంది.

మంగలి పొది నుంచి మేళం దాకా

భిఖారీ ఠాకూర్ 1887 డిసెంబరు 18న సారణ్ జిల్లా కుతుబ్‌పూర్ గ్రామంలో జన్మించారు. ఠాకూర్ అనగానే జమీందారు అనుకోకండి. బీహార్‌లో క్షురక వృత్తి చేసే కులం వారికి కూడా ఆ పేరుంది. భిఖారీ అంటే బిచ్చగాడని అర్థం. చిన్నప్పుడు బడికి పంపారు గానీ చదువు అబ్బలేదు. పశువులు కాశారు. తర్వాత కులవృత్తి నేర్చుకున్నారు. కాస్త పెద్దయ్యాకే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నారు. ఆయన రాసింది కైథీ లిపిలో. అది పండితుల లిపి కాదు, లెక్కాపత్రాలు రాసుకునే లిపి.

బతుకు తెరువు కోసం అందరిలాగే ఆయన కూడా వలస వెళ్లారు. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో క్షౌరం చేసి నాలుగు డబ్బులు సంపాదించారు. ఆ ప్రాంతంలోనే రామలీల ప్రదర్శనలు చూశారు. పూరీ క్షేత్రం కూడా చూసి వచ్చారు. ఊరికి తిరిగి వచ్చాక స్నేహితులను పోగుచేసి మొదట రామలీల ఆడారు. 1917లో, ముప్పై ఏళ్ల వయసులో, సొంత 'నాచ్' మేళం కట్టారు. నాచ్ అంటే ఒట్టి నృత్యం కాదు. పాట, ఆట, హాస్యం, నాటకం అన్నీ కలిసిన రాత్రి ప్రదర్శన. మన వీధి భాగవతానికి దగ్గరి చుట్టం అనుకోవచ్చు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పల్లెల్లో క్షురకుని పని జుట్టు కత్తిరించడంతో అయిపోదు. పురుడు, పెళ్లి, చావు, అన్నింటికీ అతను ఉండాల్సిందే. శుభవార్త అయినా చావు కబురైనా ఇంటింటికీ మోసుకెళ్లేది అతనే. మన తెలుగు నాట పెళ్లిళ్లలో సన్నాయి ఊదేది, డోలు వాయించేది కూడా ఎక్కువగా నాయీబ్రాహ్మణ సోదరులే కదా! ఏ ఇంట్లో ఎవరు ఏడుస్తున్నారో అలాంటి మనిషికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? భిఖారీ ఠాకూర్ నాటకాలకు ముడిసరుకు ఆ వృత్తిలోనే దొరికింది.

ఏడాది పొడవునా పని

నాచ్ మేళానికి పెళ్లిళ్ల కాలమే పంట కాలం. పెళ్లివారు ముందుగా బయానా ఇచ్చి మేళాన్ని కుదుర్చుకునేవారు. పెళ్లి బృందంతోపాటు మేళం కూడా కదలాలి. కొంత దూరం నడక, కొంత దూరం పడవ, కొంత దూరం రైలు. రాత్రంతా ఆడి, తెల్లవారాక సామాను సర్దుకుని మరో ఊరి దారి పట్టాలి. పండుగలకు, తిరునాళ్లకు, జమీందార్ల ఇళ్లలో వేడుకలకు కూడా పిలుపులు వచ్చేవి. భోజ్‌పురి కూలీలు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడికి, కలకత్తాకు, అస్సాంకు కూడా మేళం వెళ్లింది. వానాకాలంలో పెళ్లిళ్లు ఉండవు. అయినా మేళం నాయకుడికి సెలవు లేదు. కొత్త నాటకం రాయాలి, పాటలకు వరసలు కట్టాలి, కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేర్పాలి.

నటుల్లో ఎక్కువమంది కింది కులాల వారు, బడి ముఖం చూడనివారు. చేతికి కాగితం ఇస్తే చదవలేరు. ప్రతి పాట, ప్రతి మాట నోటితో చెప్పి, వాళ్ల నోట పలికించి, తప్పు దిద్దాలి. అంటే రచయిత, స్వరకర్త, గురువు, నటుడు, మేళం యజమాని, ఇన్ని పనులూ ఒక్క మనిషివే. ఇవి చాలవన్నట్టు పాటలను, నాటకాలను చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చు వేయించారు. తక్కువ ధరకు అమ్మే ఆ పుస్తకాలు జాతరల్లో, సంతల్లో జనం చేతికి చేరాయి.

ఒక రాత్రి ఆట ఎలా సాగేది?

నాలుగు చెక్క బల్లలు కలిపి వేస్తే అదే రంగస్థలం. తెరలు, రంగుల పరదాలు ఉండవు. జనం చుట్టూ కూర్చుంటారు. హార్మోనియం, ఢోలక్, సారంగి, తాళాలు వాయించేవారు వేదిక మీదే ఉంటారు. వీరిని సమాజీలు అంటారు. వీరే వంత పాడతారు, మధ్యలో నటులకు బదులు చెబుతారు. మొదట దేవతా ప్రార్థన, తర్వాత స్త్రీ వేషధారుల ఆటపాటలు, మధ్య మధ్య హాస్యగాడి చమత్కారాలు, ఆ తర్వాత అసలు నాటకం. భిఖారీ ఠాకూర్ సూత్రధారిగా నిలబడి, ఈ కథ ఎందుకు ఆడుతున్నామో జనానికి చెప్పేవారు. నాటకం ముగిసేసరికి తెల్లవారుజాము అయ్యేది. మైకులు లేని రోజుల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా మాట వినపడాలంటే ఎంత గొంతు కావాలో ఆలోచించండి!

పాట ఎక్కడి నుంచి వచ్చింది?

భిఖారీ ఠాకూర్ కొత్త రాగాల కోసం దూరం వెళ్లలేదు. ఆడవాళ్లు తిరగలి విసురుతూ పాడే పాటలు, బిడ్డ పుడితే పాడే పాటలు, పన్నెండు నెలల విరహాన్ని వరసగా చెప్పే బారామాసా, పశువుల కాపరుల బిరహా, తులసీదాసు రామాయణంలోని దోహా, చౌపాయీల నడక, ఇవన్నీ జనం చెవికి అలవాటైన వరసలే. ఆ వరసల్లో ఆయన కొత్త సంగతి పెట్టారు. వరస తెలిసినది కాబట్టి జనం వెంటనే అందుకునేవారు. సంగతి కొత్తది కాబట్టి ఆలోచించేవారు. ఆయన పాటల రహస్యం ఇదే అని నా అభిప్రాయం.

'బిదేసియా' నాటకమే తీసుకుందాం. కొత్తగా పెళ్లయిన యువకుడు భార్య వద్దన్నా వినకుండా కలకత్తా వెళ్లిపోతాడు. అక్కడ మరో స్త్రీతో కాపురం పెడతాడు. ఇక్కడ భార్య ప్యారీ సుందరి నెలలు లెక్కపెడుతూ ఏడుస్తుంది. ఒంటరి ఆడది కదా అని ఒకడు ఇంటి మీదికి వస్తాడు కూడా. దారిన పోయే బాటసారి ఒకడు ఆమె కబురు మోసుకెళ్లి భర్తకు చేరవేస్తాడు. భర్త తిరిగి వస్తాడు. వెనకే ఆ రెండో స్త్రీ కూడా పిల్లలతో వస్తుంది. ఆమెను రాక్షసిగా చూపలేదు, ఆమె కష్టం కూడా కష్టమే అన్నారు. అప్పట్లో సారణ్ ప్రాంతం నుంచి వేలమంది మగవాళ్లు హుగ్లీ ఒడ్డున ఉన్న జనపనార మిల్లులకు వెళ్లేవారు. అంతకుముందు నుంచే మారిషస్, ఫిజీ వంటి దేశాలకు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కారు. అదే ఓడల్లో మన తెలుగువాళ్లూ వెళ్లారు. వెళ్లినవాడి కష్టం గురించి చెప్పినవారు ఉన్నారు. ఇంట్లో మిగిలిపోయిన ఆడమనిషి కష్టాన్ని రాత్రంతా ఊరి చేత వినిపించినవాడు భిఖారీ ఠాకూర్.

'బేటీ బేచ్వా'లో తండ్రి డబ్బుకు ఆశపడి కూతుర్ని ముసలివాడికి కట్టబెడతాడు. ఈ నాటకం చూసి అలాంటి పెళ్లిళ్లు ఆపేసిన ఊళ్లు ఉన్నాయని బీహార్‌లో నేటికీ చెప్పుకుంటారు. 'గబర్ ఘిచోర్'లో కొడుకు ఎవరికి చెందాలన్న తగవు పంచాయతీకి వస్తుంది. పిల్లవాణ్ణి మూడు ముక్కలు చేసి పంచమంటే, వద్దు, బతికి ఉంటే చాలు, వాళ్లకే ఇచ్చేయండి అంటుంది తల్లి. తన కులవృత్తి వారి కష్టాల మీద 'నాయి బహార్' కూడా రాశారు. 1963లో బిదేసియా పేరుతో భోజ్‌పురి సినిమా వచ్చినప్పుడు అందులో ఆయన స్వయంగా కనిపించారు. 1971 జూలై 10న కన్నుమూశారు.

పేరు దక్కినవారు, దక్కనివారు

నాచ్‌లో ఆడవేషాలన్నీ మగవాళ్లే వేసేవారు. రాత్రి వాళ్ల పాటకు ఏడ్చిన జనమే పొద్దున్నే వాళ్లను గేలి చేసేవారు. ఆ మేళంలో చిన్నపిల్లవాడిగా చేరి, 1971 వరకు గురువు వెంటే ఉన్న దళిత కళాకారుడు రామచంద్ర మాంఝీకి 2021లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆయన బాగా వృద్ధుడు. మరుసటి ఏడాదే మరణించారు. మన తెలుగు నాటక రంగంలో సత్యభామ వంటి స్త్రీ పాత్రలతో పేరు పొందిన స్థానం నరసింహారావు గారికి 1956లోనే పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవానికి ఆయన అన్ని విధాలా అర్హులే. కానీ టిక్కెట్టు కొని చూసే నాటకానికి 1956లో దొరికిన గుర్తింపు, నేల మీద కూర్చుని చూసే ఆటకు దొరకడానికి 2021 దాకా పట్టింది. ఈ తేడా ప్రతిభలో ఉందా? చూసే కళ్లలో ఉందా? చదువుకుంటున్న మనమే ఆలోచించాలి.

మనం చేయగలిగింది

"బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి" అని మన దగ్గర సామెతలా చెప్పుకుంటారు. ఈ హాస్టల్లో ఉన్న మనలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు ఆ దారిలో వెళ్లినవారే. మన ఇళ్లలో డప్పు కొట్టేవారు ఉన్నారు, చిందు ఆడేవారు ఉన్నారు, నాట్లు వేస్తూ పాట కట్టే తల్లులు ఉన్నారు. చదువుకున్నాక ఆ సంగతి చెప్పుకోవడానికి కొందరు మొహమాటపడతారు. భిఖారీ ఠాకూర్ రాసుకున్నారు, అచ్చు వేయించారు, అందుకే ఆయన మనకు మిగిలారు. రాయడం రానివారి పాటలు వారితోనే పోయాయి.

కనుక మిత్రులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకువెళ్లండి. మీ వాడలో పాట కట్టేవారి దగ్గర కూర్చుని ఆ పాట రాసుకోండి. కింద వారి పేరు, ఊరు, ఏ పని చేస్తూ ఆ పాట పాడతారో కూడా రాయండి. వచ్చే ఏడాది మన వార్షికోత్సవ సంచికలో ఆ పాటలకు నాలుగు పేజీలు కేటాయించమని సంపాదక మిత్రులను కోరుతున్నాను.