నన్ను నేను చెప్పుకోవడం

సింగపూర్‌లో తెలుగువాళ్లు కలిస్తే ముందు ఊరు, తర్వాత ఉద్యోగం అడుగుతారు. మాది అమలాపురం, ఉండేది పుంగోల్‌లో. ఇంతమాత్రం చెబితే నేను మీకు తెలిసినట్టు కాదు.

ఇండియా వెళ్తే తిరిగి రాలేని కోవిడ్ ఆంక్షలున్న 2021 మేలో నాన్న పోయారు. అంత్యక్రియలు ఫోన్లోనే చూశాను. ఆయన రాసిన నీలిరంగు ఇన్‌లాండ్ ఉత్తరాలు నా దగ్గరున్నాయి. మా అబ్బాయి వాటిని చదవలేడు.

ఇక్కడి బడుల్లో మాతృభాషగా తమిళంతోపాటు హిందీ, ఉర్దూ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ తీసుకోవచ్చు. తెలుగుకు ఆ వీలు లేదు. 1975లో సింగపూర్ తెలుగు సమాజం ఏర్పడింది. సంఘం ఉన్నా, మా అబ్బాయికి అక్షరం నేను ఇంట్లోనే నేర్పుతున్నాను. రోజూ అన్నాలయ్యాక వాడిచేత గుణింతాలు దిద్దిస్తున్నాను. వాడు తాతయ్య ఉత్తరం తనంతట తాను చదవాలి. అదే నా ఆశయం.

మీరూ ఎవరినైనా కలిసినప్పుడు ఉద్యోగంతో ఆగకండి. పోగొట్టుకున్నదీ, కోరుకుంటున్నదీ చెప్పండి. పరాయి ఊళ్లో అయినవాళ్లు దొరికేది అలాగే.