బేస్ ఆంప్‌లో గిటార్ పెడితే కాలిపోతుందట!

కోయంబత్తూరు, మదురై లైట్ మ్యూజిక్ బృందాల్లో ఓ మాట గట్టిగా తిరుగుతోంది: "అది బేస్ ఆంప్ తంబీ, లీడ్ గిటార్ పెట్టకు. పికప్ కాలిపోద్ది, స్పీకర్ చిరిగిపోద్ది." మైక్‌సెట్ అన్న చెబుతాడు, గిటార్ మాస్టారు తలూపుతాడు. ఇంకేం, అటక మీది పాత వాల్వ్ ఆంప్ పాతసామాన్ల బండి ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి ఉంది కదా, తూకానికి నాలుగు డబ్బులొస్తాయి. కుర్రాడేమో వాయిదాల మీద ఓ చిన్న ప్లాస్టిక్ డబ్బా కొనుక్కుని, సౌండ్ రావడం లేదని ఏడుస్తాడు.

ముందు పికప్ సంగతి. తీగ కదిలితే పికప్‌లో పుట్టేది మిల్లీవోల్టుల్లో ఉండే సిగ్నల్. అది గిటార్ నుంచి ఆంప్‌కి వెళ్తుంది. ఆంప్ తన వాట్లను స్పీకర్‌కి పంపుతుంది కానీ, వెనక్కి తిప్పి గిటార్‌లోకి పొయ్యదు. ఆ డబ్బా మీద బేస్ అని రాసున్నా, లీడ్ అని రాసున్నా పికప్‌కి తెలియదు.

ఇక స్పీకర్. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం 41 హెర్ట్జ్, మామూలు గిటార్‌లో 82. ఒక స్థాయి కిందికి దిగి అంతే గట్టిగా వినిపించాలంటే కోన్ నాలుగింతలు ఎక్కువ దూరం ఊగాలి. బేస్ కోసం చేసిన స్పీకర్ ఆ ఊపుకు సిద్ధపడే ఉంటుంది. క్వింటాల్ మూట మోసేవాడి చేతికి కూరగాయల సంచి ఇస్తే నడుము విరుగుతుందా? నిజంగా ప్రమాదం ఉన్నది తిరగేస్తే: చిన్న గిటార్ ఆంప్‌లో బేస్ పెట్టి వాల్యూమ్ పెంచితే కోన్ పాడవుతుంది. సరైన హెచ్చరికే, ఎవరో తలకిందులు చేసి ఊరంతా పంచారు.

అసలు ఈ భయం చరిత్రకే ఎదురు. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చి, మరుసటేడు దానికి జోడుగా బేస్‌మన్ ఆంప్ వదిలింది. గిటారిస్టులు దాన్ని లాక్కున్నారు. లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణం వాళ్లు 1962లో తయారుచేసిన జెటీఎం45 ఆంప్‌కి మూలం ఈ బేస్‌మన్ సర్క్యూటే. మన కుర్రాళ్లు టీషర్టుల మీద వేసుకు తిరిగే ఆ మార్షల్ మోత బేస్ ఆంప్ కడుపున పుట్టిందే. అది వద్దనే మాస్టారు ఆ టీషర్టు కూడా విప్పించాలి మరి.

మిగతా అపోహలు: వాల్వ్ ఆంప్ ఎంత పాతదైతే అంత మేలట. ఎండిపోయిన కెపాసిటర్‌కి మేలూ కీడూ తెలియవు, బుర్రుమంటుంది, అంతే. ఎక్కువ వాట్లయితే తీగలు తెగుతాయట. దీనికి జవాబు దండగ.

ఒక్క ఫిర్యాదు మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాలి: "బేస్ ఆంప్‌లో గిటార్ మొద్దుగా ఉంటుంది." అన్నిట్లో కాదు, చాలావాటిలో నిజమే. 15 అంగుళాల స్పీకర్‌లో గిటార్ పదును తగ్గుతుంది. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్వీటీ 300 వాట్ల వాల్వ్ ఆంప్. దాన్ని కరకరలాడించాలంటే వీధి ఖాళీ చేయించాలి. ట్వీటర్ ఉన్న కొత్తరకం బేస్ బాక్సులో డిస్టార్షన్ పెడల్ వేస్తే తేనెటీగలే. క్లీన్‌గా వాయించేవాడికి, ట్వీటర్ లేని బాక్సులో పెడల్ మీద ఆధారపడేవాడికి ఇబ్బంది తక్కువ. ట్రెబుల్ పెంచి, ట్వీటర్ ఆపేసి చూడండి.

అసలు భయపడాల్సింది గిటార్ గురించి కాదు, వాయించేవాడి గురించి. అమెరికా ఆంప్ వెనక 117 వోల్టులని రాసి ఉంటే మన 230లో నేరుగా గుచ్చకండి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. రెండు పిన్నుల పాత వైరు ఉంటే మూడు పిన్నులది వేయించి, కరెంటు లైనుకీ చాసిస్‌కీ మధ్య ఉండే కెపాసిటర్ తీయించండి. అది షార్టయితే చాసిస్ నుంచి తీగల మీదుగా మీ వేళ్లకే కొడుతుంది. స్పీకర్ తగిలించకుండా వాల్వ్ ఆంప్ ఆన్ చెయ్యకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. ప్లగ్ పీకేశాక కూడా లోపల కెపాసిటర్లలో నాలుగొందల వోల్టులు కూర్చుని ఉండొచ్చు, స్క్రూడ్రైవర్‌తో సాహసాలు వద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా కంగారు వద్దు, కోయంబత్తూరులో వైండింగ్ చేసేవాళ్లకు కొదవలేదు. 1937లో జి.డి.నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి ఎలక్ట్రిక్ మోటారు చేసిన ఊరిది. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే అనుభవమున్న వైండర్ చుట్టిపెట్టగలడు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పంపుసెట్టు మోటారు లెక్క కాదు. మంచివాటిలో ప్రైమరీ, సెకండరీ తీగలు పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి వస్తాయి. విప్పేటప్పుడే ఏ పొరలో ఎన్ని చుట్లో కాగితం మీద రాసుకునేవాడి చేతికే ఇవ్వండి. పాత తీగను కత్తిరించి మూల పడేశాక అడిగితే ఎవరూ చెప్పలేరు.