టీకా తర్వాత నరాల నొప్పి: రిపోర్టులు నార్మల్... మంట మాత్రం నిజం!

టీకా వేయించుకున్నాక రెండు రోజులు జబ్బ నొప్పి, కాస్త ఒళ్లు వేడి. మనలో చాలామందికి కథ అక్కడితో అయిపోతుంది. పారాసిటమాల్ వేసుకుని మర్చిపోతాం. కానీ చాలా చాలా కొద్దిమందికి అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. పాదాల్లో తిమ్మిర్లు, అరచేతుల్లో మంటలు, భుజంలో కరెంట్ షాక్ కొట్టినట్టు పోట్లు. వారాలు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు.

పైకి చూస్తే మనిషి బాగానే ఉంటారు. కట్టు లేదు, వాపు లేదు. అందుకే ఇంట్లోవాళ్లు ‘ఒక్క సూదికే ఇంత సీనా?’ అంటారు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక బాబాయ్ ‘టీకాలు వద్దని ముందే చెప్పా కదా’ అని మెసేజ్ పెడతారు. ఇంకొకరు ‘టీకాకీ దానికీ సంబంధం లేదు, అంతా నీ భ్రమ’ అని కొట్టిపారేస్తారు. ఈ గొడవలో నొప్పి పడుతున్న మనిషి మాట వినేవాళ్లే ఉండరు. టీకాలు మంచివే, ఈ నొప్పీ నిజమే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

నరాల్లో ఏం జరుగుతుంది?

కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మన నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో, అరుదుగా టీకా తర్వాతో, మన రోగనిరోధక శక్తి పొరబడి ఆ పొర మీదే దాడి చేస్తుంది. కొన్నిసార్లు లోపలి నరాన్నీ దెబ్బతీస్తుంది. ఇలాంటి జబ్బుల్లో బాగా తెలిసింది గిలియన్ బారే సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్.

ఇది ఏటా లక్షమందిలో ఒకరిద్దరికి వస్తుంది. ఎక్కువగా విరేచనాలో, జలుబు దగ్గులో తగ్గిన కొన్ని వారాలకు మొదలవుతుంది. 2025 మొదట్లో పుణెలో 200కు పైగా కేసులు వచ్చినప్పుడు వేళ్లన్నీ కలుషిత నీటి వైపే చూపించాయి, టీకా వైపు కాదు. టీకా తర్వాత రావడం ఇంకా అరుదు. ఇప్పటి ఫ్లూ టీకాతో అయితే 10 లక్షల డోసులకు ఒకటో రెండో కేసులు అదనంగా రావచ్చని అంచనా. కరోనా టీకాల్లో జాన్సన్ అండ్ జాన్సన్, ఆస్ట్రాజెనెకా (మన కోవిషీల్డ్ ఈ రకమే) టీకాలకు 2021లోనే విదేశీ ఔషధ నియంత్రణ సంస్థలు జీబీఎస్ హెచ్చరిక చేర్చాయి.

భుజం నుంచి చేతికి వెళ్లే నరాలు వాచిపోయే బ్రేకియల్ న్యూరైటిస్ ఇంకో రకం. ముందు భుజంలో నిద్రపోనివ్వని నొప్పి, కొన్నాళ్లకు చెయ్యి లేవకపోవడం దీని తీరు. నొప్పినీ వేడినీ మోసే సన్నటి నరాలు దెబ్బతినే స్మాల్ ఫైబర్ న్యూరోపతి మూడోది. టీకా తర్వాత ఇది వచ్చిన కేసులు నమోదయ్యాయి కానీ, టీకాతో లింకు జీబీఎస్‌లో తేలినంత స్పష్టంగా ఇంకా తేలలేదు.

ఆగొద్దు: వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

• తిమ్మిర్లు కాళ్ల నుంచి పైకి పాకుతూ, నీరసం పెరుగుతుంటే
• మెట్లు ఎక్కలేకపోతుంటే, కింద కూర్చుని లేవలేకపోతుంటే
• మింగడం కష్టమైతే, మూతి వంకర పోతే, ఊపిరి అందకపోతే

ఇవి కనిపిస్తే రేపటిదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. జీబీఎస్‌కి ఐవీఐజీ ఇంజెక్షన్లు, ప్లాస్మా మార్పిడి లాంటి మంచి చికిత్సలున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ఖర్చు ఎక్కువ కాబట్టి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి పథకం వర్తిస్తుందేమో అడగండి.

తాతయ్యల కాలం నాటి బొడ్డు సూదులు

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు... ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెప్తారు. ఆ పాత రేబిస్ టీకాను గొర్రె మెదడు నుంచి చేసేవారు. అందులో గొర్రె మైలిన్ కూడా కలిసి ఉండేది. దానివల్ల కొందరిలో రోగనిరోధక శక్తి సొంత నరాల మీదికే తిరగబడి పక్షవాతం వచ్చేది. అలా దెబ్బతిన్నవాళ్లని డాక్టర్లు లెక్కపెట్టారు, రాసిపెట్టారు. చివరికి మన దేశం 2004 డిసెంబర్‌లో ఆ టీకా తయారీ ఆపేసింది. ఇప్పుడు ల్యాబ్‌లో పెంచిన కణాల నుంచి చేసే టీకా వాడుతున్నాం.

1976లో అమెరికాలోనూ ఇంతే. స్వైన్ ఫ్లూ టీకా దాదాపు నాలుగున్నర కోట్ల మందికి వేశాక, లక్షమందికి ఒకరు చొప్పున జీబీఎస్ అదనంగా వస్తోందని తేలింది. డిసెంబర్‌లో కార్యక్రమం నిలిపేశారు. ‘నాకిలా అయింది’ అని చెప్పినవాళ్ల వల్లే టీకాలు ఇంకా భద్రంగా తయారయ్యాయి. కాబట్టి నొప్పి గురించి నోరు విప్పితే టీకాలకు వ్యతిరేకం అయిపోయినట్టు కాదు.

రిపోర్ట్ నార్మల్ అంటే నొప్పి లేనట్టేనా?

కాదు. నరాల పరీక్ష అనగానే చేసే నెర్వ్ కండక్షన్ స్టడీ పెద్ద నరాల్నే చూస్తుంది. సన్నటి నరాలు దెబ్బతింటే అందులో ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు చర్మం నుంచి చిన్న ముక్క తీసి చేసే స్కిన్ బయాప్సీ అవసరం కావచ్చు. అడగడానికి మొహమాటపడొద్దు.

అయితే ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. ‘టీకా తర్వాత’ వచ్చినవన్నీ ‘టీకా వల్ల’ వచ్చినవి కావు. షుగర్, బీ12 లోపం, థైరాయిడ్, కొన్ని మందులు కూడా ఇవే మంటలు తెస్తాయి. బీ12 తక్కువైతే దానికి సులువైన మందుంది. అన్నీ టీకా మీద తోసేసి రక్తపరీక్షలు మానేస్తే నష్టపోయేది మీరే.

నొప్పికి మన మాటలు వాడండి

డాక్టర్ దగ్గర ‘పెయిన్ ఉంది సార్’ అని ఆపేయొద్దు. తెలుగులో నొప్పికి బోలెడు మాటలున్నాయి. మంట, సలుపు, పోటు, తిమ్మిరి, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, కరెంట్ కొట్టినట్టు, మొద్దుబారినట్టు. దుప్పటి తగిలినా, ఫ్యాన్ గాలి తగిలినా నొప్పిగా ఉంటే అదీ చెప్పండి. నరాల నొప్పిని పట్టుకోవడానికి డాక్టర్లు వాడే డీఎన్4 అనే ప్రశ్నావళిలో అడిగేవి దాదాపు ఇవే. పది అంశాల్లో నాలుగింటికి ‘అవును’ వస్తే అది నరాల నొప్పి కావచ్చని అనుమానిస్తారు. టీకా ఏ రోజు వేసుకున్నారు, నొప్పి ఏ రోజు మొదలైంది, ఎప్పుడు పెరుగుతుంది... ఇవన్నీ ఫోన్‌లో నోట్ చేసి తీసుకెళ్తే ఇంకా మంచిది.

మందులు ఏం చేస్తాయి?

మామూలు నొప్పి మాత్రలు వీటి మీద పెద్దగా పనిచేయవు. మెడికల్ షాపులో అడిగి రోజూ మింగితే కడుపు, కిడ్నీ పాడవుతాయి. డాక్టర్లు సాధారణంగా గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఎమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటివి రాస్తారు. చివరి రెండూ డిప్రెషన్ మందులే, కానీ నరాల నొప్పికీ పనిచేస్తాయి. చీటీలో చూసి ‘నన్ను పిచ్చివాణ్ణి అనుకున్నారు’ అని బాధపడకండి.

ఇవి వేసుకోగానే తగ్గవు, కొన్ని వారాలు పడుతుంది. నొప్పి సగానికి తగ్గినా మంచి ఫలితమే. మగత వస్తుంది కాబట్టి మొదటి రోజుల్లో బండి నడపొద్దు. మీ అంతట మీరు టక్కున ఆపేయొద్దు.

రోజు గడిచేదెలా?

• తెగిన నరం తిరిగి పెరిగేది సుమారు రోజుకు ఒక మిల్లీమీటర్. అంటే నెలకు ఒక అంగుళం. ఫోన్‌లో స్క్రోల్ చేసినంత స్పీడుగా నయం కాదు. ఓపిక తప్పదు.
• కాస్త బాగున్న రోజున పెండింగ్ పనులన్నీ చేసేస్తే మర్నాడు మంచం దిగలేరు. రోజూ కొంచెం కొంచెంగా పనిచేయండి, మధ్యలో విశ్రాంతి తీసుకోండి.
• స్పర్శ తగ్గిన చోట కాపడం, మరీ వేడి నీళ్లు వద్దు. కాలినా తెలియదు. చెప్పులు లేకుండా నడవొద్దు. రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకోండి.
• వదులుగా ఉండే నూలు బట్టలు హాయి.
• ఫిజియోథెరపీ మానొద్దు. వాడకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి.
• ‘టీకా విషం బయటికి లాగేస్తాం’ అంటూ వచ్చే డీటాక్స్ యాడ్స్‌కి డబ్బులు తగలేయకండి. లాగడానికి అక్కడ విషమేమీ లేదు.

ఎవరికి చెప్పాలి?

టీకా తర్వాత వచ్చిన సమస్యని మన దేశంలో ఏఈఎఫ్ఐ పేరుతో నమోదు చేస్తారు. టీకా వేసిన ఏఎన్ఎంకో, పీహెచ్‌సీ డాక్టర్‌కో, జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికో చెప్పండి. మందుల దుష్ప్రభావాల టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024 కూడా ఉంది. టీకా పేరు, తేదీ, బ్యాచ్ నంబర్, సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. బ్రిటన్‌లో 1979 నుంచి, అమెరికాలో 1986 చట్టం ద్వారా ఇలా దెబ్బతిన్నవాళ్లకు పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. ఫ్లూ టీకా తర్వాత వచ్చే జీబీఎస్‌ని అమెరికా 2017లో తన జాబితాలో చేర్చింది.

మరి మళ్లీ టీకా వేసుకోవచ్చా?

ఏదైనా టీకా వేసుకున్న ఆరు వారాల్లోపు జీబీఎస్ వస్తే, అదే టీకా మళ్లీ వేసేముందు డాక్టర్లు లాభనష్టాలు చూస్తారు. అంతేగానీ అన్ని టీకాలూ మానేయమని కాదు. కుక్క కరిస్తే మాత్రం రెండో ఆలోచన వద్దు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతకడం దాదాపు అసాధ్యం. పాత సంగతి డాక్టర్‌కి చెప్పి, టీకా వేయించుకోవాల్సిందే.

ఇక ఇంట్లోవాళ్లకి. రోజూ ‘తగ్గిందా?’ అని అడిగితే జవాబు చెప్పీ చెప్పీ వాళ్లు విసిగిపోతారు. దాని బదులు ‘ఈ రోజు ఏ పని కష్టంగా ఉంది, నేను చేసేదా?’ అని అడగండి. చొక్కా గుండీలు పెట్టడం, మూత తియ్యడం, పేపర్ల కోసం ఆసుపత్రి లైన్లో నిలబడటం. నరాల నొప్పి ఉన్నవాళ్లకి రోజంతా కష్టమయ్యేవి ఇలాంటి చిన్న పనులే.